సాగనంపిన రాళ్ళు

కర్ర నిట్టనిలువుగా ఉంటే తప్ప బుడగ మధ్యకు రాదు. సువర్ణ ఉపగ్రహాలతో హద్దులు కొలిచే రోవరు కర్రను రెండు చేతులా పట్టుకుని, ఊపిరి కూడా కాస్త బిగబట్టి, గాజులోని ఆ చిన్న బుడగనే చూస్తూ నిలబడింది. గువ్వలగుట్ట మీద గాలి ఊరికే ఉండదు. బోదగడ్డిలోంచి లేచి వచ్చి ఆమె తలకు చుట్టుకున్న చున్నీని లాగుతుంది, కర్రను వెంట్రుకవాసి పక్కకు వంచుతుంది. బుడగ జారిపోతుంది. ఆమె మళ్ళీ సర్దుతుంది. సర్వేయరు పనిలో ఆమెకు నచ్చేది ఇదే. బుడగ మధ్యకు వచ్చిన ఆ క్షణంలో తనెవరు, ఏ ఊరు, ఎవరి బిడ్డ అన్నది ఎవరికీ పట్టదు. పైన ఎక్కడో తిరిగే ఉపగ్రహాలకు కర్ర కావాలి. పట్టుకున్న మనిషితో వాటికి పని లేదు.

"అయిందా మేడమ్?" బండరాయి నీడలో కూర్చున్న విజయభాస్కర్ అడిగాడు. ఆయన అటవీ శాఖలో సెక్షన్ ఆఫీసరు. టోపీ తీసి మెడ తుడుచుకుంటున్నాడు. "ఎండకు మెదడు ఉడికిపోతాండాది."

"ఇంకొక్క పాయింటు సార్."

కొంచెం దూరంలో తండావాళ్ళు ఎండలోనే నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు చాందీబాయి. మోచేతుల దాకా తెల్లగాజులు వేసుకునేది తండాలో ఇప్పుడు ఆమె ఒక్కతే. పిల్లా పెద్దా అందరూ ఆమెను 'యాడీ' అంటారు, అమ్మా అని పిలిచినట్టు. పొద్దున జీపు దిగగానే ఆమె సువర్ణ దగ్గరికి వచ్చి, మొహంలోకి తేరిపార చూసి, ఏ తండా పిల్లవే నువ్వు అని తండా భాషలో అడిగింది. "మాది రాయదుర్గం పక్క" అని సువర్ణ తెలుగులో జవాబిచ్చి, పెట్టె దించుకోవడానికి వంగింది. ముసలామె ఇంకేమీ అడగలేదు.

జీపులో వస్తున్నప్పుడే విజయభాస్కర్ ఒక మాటన్నాడు. "మీవాళ్ళ గుట్టకు మీరే సర్వేయరా మేడమ్? ఇంగ మాదేముండాది, టీ తాగి సంతకం పెట్టి పోతాం." నవ్వుతూనే అన్నాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఆ మాట పల్లేరుకాయలా అరికాల్లో దిగింది. పొద్దుటి నుంచీ ఆమె ప్రతి అడుగూ దానిమీదే వేస్తోంది.

గుట్ట ఈ వాలంతా తమ ఉమ్మడి హక్కని తండా అడుగుతోంది. మేకలు మేపుకోవడానికి, సీతాఫలాలు కోసుకోవడానికి, సీత్లా పండక్కి ఏడుగురు అమ్మలను నిలుపుకోవడానికి. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానం చేసి పంపింది. ఆధారం ఒకటి చాలదు, రెండు కావాలి. పెద్దల మాట ఒక ఆధారం. చాందీబాయి చెప్పింది, రాసుకున్నారు. ఇక రెండోది కావాలి. కంటికి కనబడేది, చేతికి తగిలేది. పాతది.

"అమ్మల చోటు ఇదేనా?" విజయభాస్కర్ లేచి వచ్చాడు.

ఏడు రాళ్ళు, వరసగా. మోకాలెత్తు కూడా లేవు. సున్నం పూసి కుంకుమ పెట్టారు. ముందు ఎండిన వేపమండలు, చీమలు తినగా మిగిలిన గుగ్గిళ్ళు. ఆషాఢంలో జరిగిన పండగ. సున్నం ఇంకా పాలలా ఉంది.

ఆయన గొంతుక్కూర్చుని జీపు తాళంచెవితో ఒక రాతిని గీరాడు. తెల్లటి పొడి రాలింది. రాయిని కొంచెం కదిపి చూశాడు. కింద మన్ను గుల్లగా ఉంది.

"ఇవి మొన్న పండక్కు పెట్టినవి గదప్పా?"

"అవున్సార్, యేటా కొత్తవే పెడతాం." చెప్పింది హక్కుల కమిటీ అధ్యక్షుడు సాకేనాయక్. "పోయిన యేటి అమ్మలను ఉంచుకోగూడదు. సాగనంపి, కొత్త అమ్మలను తెచ్చుకుంటాం. మా తాతల నుంచీ అంతే."

"అట్లయితే చట్టం అడిగినట్ల రెండువేల ఐదుకు ముందర నుంచి ఉండాయని నేనెట్ల రాసేది? నా కుర్చీలో నువ్వుంటే ఏం రాస్తావో చెప్పు."

"మీ కుర్చీలో నేనుంటే ముందు ఫ్యాను ఏసుకుంటా సార్" అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. విజయభాస్కర్ కూడా నవ్వాడు.

"సరే, సాగనంపినవి యాడేస్తారు?"

నవ్వు ఆగిపోయింది. చాందీబాయి తల తిప్పలేదు. కుడిచేతిని వీపు వెనక్కి పోనిచ్చి, అరచేతిని వాలు కింది వంక వైపుకు తెరిచింది.

"ఆడ."

"ఆడంటే? రా, చూపిచ్చు."

"మేం రాగూడదు. సాగనంపినాంక వాళ్ళను చూడగూడదు సార్, చూస్తే మళ్ళా ఎనకంటి వస్తారు." చాందీబాయి సువర్ణ వైపు చూసింది. "ఈ బిడ్డను పంపిచ్చు. సర్కారు మనిషి. సర్కారు చూడొచ్చు."

విజయభాస్కర్ వాలు చివరి దాకా చూశాడు. కంప, జారుడు రాళ్ళు. "నా మోకాలు సంగతి మీకు తెలుసు గదా మేడమ్. మీరట్లా అంచుకు పోయి చూసి రాండి. ఏమన్నా ఉంటే పాక్కుంటానన్నా వస్తా."

సువర్ణ కర్రను సాకేనాయక్ చేతికిచ్చి నడిచింది. చున్నీకి పట్టుకున్న కంపను విడిపించుకుంటూ నడిచింది. అంచు దగ్గరపడేకొద్దీ దవడ మీద ఎవరో చెయ్యి వేసినట్టు అనిపించసాగింది. సున్నం వాసన వేసే వేళ్ళు. అమ్మవి. రాళ్ళను దింపి తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ఆమె దవడను అట్లా పట్టుకునే ఇంటిదాకా నడిపించేది. వెనక్కి చూశావా, అమ్మతల్లి మన వెంటే వచ్చి ఇంట్లో పిల్లల ఒంటిమీద కూర్చుంటుంది అనేది.

పోయిన నెల సువర్ణ కూతురికి అమ్మవారు పోసింది. వైరస్ అని డాక్టరు చెప్పాడు, వైరస్ అనే ఆమె ఆఫీసులో సెలవు పెట్టింది. పరుపు కింద మాత్రం వేపమండలు పరిచింది. పొక్కులు రాలిపోయాయి గాని పాప చెంపమీద మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

అంచుకు చేరింది. ఇంకొక్క అడుగు వేసి కళ్ళు దించితే వంక కనబడుతుంది. ఆమె కళ్ళు దించలేదు. ఎదుటి గుట్టమీద తిరుగుతున్న గాలిమరను చూసింది. దాని రెక్క పైకి వెళ్ళి, కిందికి వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళింది. చూడడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడింది.

వెనక్కి వెళ్ళి, మాకు చూడగూడదు సార్, మీరే రండి అంటే సరిపోయేది. ఆయన మోకాలిని తిట్టుకుంటూనైనా వచ్చేవాడు. ఆ మాట గొంతులోకి వచ్చింది కూడా. 'మాకు' అనాలి. మాకు అన్న తర్వాత ఆమె ఇక సర్వేయరు కాదు, వాళ్ళల్లో ఒకతె. మీవాళ్ళ గుట్టకు మీరేనా అన్న నవ్వుకు అప్పుడు ఆమె దగ్గర జవాబుండదు.

"ఏం లేదు సార్" అంది తిరిగి వచ్చి. "కంప, ఇసుక."

విజయభాస్కర్ తల ఊపి టోపీ పెట్టుకున్నాడు. చాందీబాయి చాలాసేపు సువర్ణనే చూసింది. తర్వాత ముసుగు ముందుకు లాక్కుని, ఏడు రాళ్ళ దగ్గర కూర్చుని, విజయభాస్కర్ కదిపిన రాయి మొదట్లో మన్నును చేత్తో నొక్కసాగింది.

*

డివిజన్ ఆఫీసులో సమావేశం ఎంతోసేపు జరగలేదు. సబ్ కలెక్టరు చిన్న వయసావిడ. కాగితాలు తనే తిప్పుకుంటూ, వచ్చినవాళ్ళను కూర్చోమని చెప్పే మనిషి. తండా తరఫున సాకేనాయక్ ఒక్కడే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మనం వీళ్ళకు దయతో ఏదో ఇస్తున్నామని ఎవరూ అనుకోవద్దు" అంది ఆవిడ. "ఇన్నేళ్ళూ అన్యాయం జరిగిందని చట్టం మొదట్లోనే ఒప్పుకుంది. నాకు ఇవ్వాలనే ఉంది. పెద్దావిడ వాంగ్మూలం బాగుంది. దానికి తోడు ఒక్కటంటే ఒక్కటి, పాత ఆనవాలు చూపించండి, ఇప్పుడే సంతకం పెడతాను."

విజయభాస్కర్ తను చూసింది చెప్పాడు. రాళ్ళు ఈ యేటివి. మన్ను గుల్లగా ఉంది. ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

"పాత రాళ్ళను వంకలో వేస్తారని రాశారు. అక్కడెవరు చూశారు?"

"నేను మేడమ్" అంది సువర్ణ.

"స్వయంగా చూశారా?"

"చూశాను మేడమ్."

అంత తేలిగ్గా వచ్చింది. ఈ మూడు రోజుల్లో మనసులో ఎన్నిసార్లు ఆ అంచుకు వెళ్ళి వచ్చిందో, వెళ్ళిన ప్రతిసారీ వంక ఇంకొంచెం స్పష్టంగా కనబడింది. ఇసుక, కంప, ఎండిన మడుగు. చూడలేదన్న సంగతి ఆమెకే ఎక్కడో అడుగున పడిపోయింది.

సబ్ కలెక్టరు కళ్ళద్దాలు తీసింది. "మీకు ఈ పండగ తెలుసా సువర్ణ గారూ? నేను సరిగ్గా అర్థం చేసుకుంటున్నానో లేదో అని అడుగుతున్నాను."

సాకేనాయక్ తలెత్తి చూశాడు. నీళ్ళలో పడినవాడికి చెయ్యి అందినట్టు ఉంది అతని చూపు. సువర్ణ బల్లమీదున్న పేపరువెయిటును చూస్తూ, "కొంచెం విన్నాను మేడమ్" అంది.

రెండో ఆధారం లేనందువల్ల దరఖాస్తు తిరస్కరించారు. పై కమిటీకి వెళ్ళే వీలుందని, అక్కడికి కూడా ఆధారం తీసుకునే వెళ్ళాలని సబ్ కలెక్టరు సాకేనాయక్‌కు నెమ్మదిగా, రెండుసార్లు చెప్పింది. అతను రెండుసార్లూ దండం పెట్టాడు.

బయట విజయభాస్కర్ టీ ఇప్పించాడు. "బాగా మాట్లాడినారు మేడమ్. నేను ఆ పొద్దు జీపులో ఏదో ఎగతాళికి అన్న్యా, మనసులో పెట్టుకోవద్దండి. మీరు ఎవరి పక్కా పట్టే మనిషి కాదు."

ఈ మాట కోసమే ఆమె ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఎదురు చూస్తోంది. టీ చేదుగా ఉంది. చక్కెర అడిగి వేయించుకుంది. ఐనా చేదుగానే ఉంది.

*

ఆ వారంలోనే ఆదివాసీ దినోత్సవం వచ్చింది. కల్యాణమండపంలో సభ. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. ఆదివాసుల నేల మీద, నీటి మీద, ఆచారాల మీద హక్కు ఆదివాసులదేనని ప్రపంచ దేశాలన్నీ కలిసి ప్రకటించాయని దానిమీద రాసుంది. గువ్వలగుట్ట తండా ఆడవాళ్ళను ఆటకు పిలిచారు. సిబ్బందంతా రావాలన్నారు గనక సువర్ణ వచ్చింది.

వేదిక పక్కన మెట్లమీద చాందీబాయి కూర్చుని ఉంది. ఆటకని అద్దాల పావడా, భుజాల దాకా గాజులు. చేతిలో పులిహోర పొట్లం. సువర్ణను చూసి పక్కన చోటు తట్టింది. సువర్ణ కూర్చుంది. ఎప్పటికైనా ఈమె నిలదీస్తుందని తెలుసు. బస్సులో వస్తూ జవాబులు కూడగట్టుకుంది. చూసింది చూసినట్టే చెప్పాలి కదా యాడీ. పై కమిటీ ఉంది కదా.

"ఏమీ లేదా బిడ్డా, ఆడ?" అంది చాందీబాయి.

సువర్ణ చున్నీ కొసను వేలికి చుట్టుకుంది.

"గుట్ట పోతే పోనీలే. కంచె ఏస్తే మేకలను ఇంగోతట్టుకు తోలుకుంటాం, ఎట్లో బతుకుతాం. నేను అడిగేది అది కాదు." ఆమె పొట్లం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "మా అత్త దింపింది, ఆయమ్మ అత్త దింపింది. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచి యేటా నా చేత్తో దింపినా. ఒక్కపారి గూడా తిరిగి చూల్లేదు. ఆడ ఉంటార్లే, అందరూ ఒకచోటే ఉంటార్లే అనుకుంటి. పండుకున్న్యాక గూడా తలుచుకుందును, ఎంతమంది అయినారో అని. నువ్వు పోతాంటే నాకు సంతోషమైపాయ. నా కండ్లకు బదులు ఈ పాప కండ్లు చూస్తాయిలే అని." ఆమె గొంతు తగ్గించింది. "ఒక్కరన్నా లేరా?"

కూడగట్టుకున్న జవాబులన్నీ గుట్ట గురించినవే. ఈమె తన మాటను నమ్మింది. నమ్మకపోయి ఉంటే బాగుండేది.

"వానకు కొట్టుకోని పోయింటాయేమో" అంది సువర్ణ.

చాందీబాయి ఆమె వైపు చూసి, పళ్ళు లేని నోటితో నవ్వింది. "వానా? ఈ సీమలో రాయిని కొట్టుకోని పోయే వాన ఎప్పుడు పడె బిడ్డా?" నవ్వు అంతలోనే పోయింది. "వాళ్ళకే మా మీద మనసు ఇరిగిపోయిందేమో. పోయినారేమో."

మైకులో తండా పేరు పిలిచారు. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి వెళ్ళింది. వేదిక మీద ఆడవాళ్ళు చేతులు కలుపుకుని వంగుతూ, లేస్తూ తిరిగారు. ఆ వరసలో చాందీబాయి ఒక్కతే అడుగు తప్పుతోంది. ముందు వరసలో అధికారులు చప్పట్లతో తాళం వేశారు.

*

మర్నాడు పొద్దున్నే సువర్ణ తనకల్లు వెళ్ళే బస్సెక్కి మధ్యలో దిగింది. రోవరు తెచ్చుకోలేదు. తండాలోకి వెళ్ళకుండా అడ్డదారిన గుట్టెక్కి, అంచు దగ్గర ఆగకుండా, కళ్ళు దించి, రాళ్ళు పట్టుకుంటూ వంకలోకి దిగింది.

దిగుతుండగానే గునపాల చప్పుడు వినిపించింది.

వంకకు అడ్డంగా కూలీలు రాతికట్ట కడుతున్నారు. రాళ్ళు పేర్చి, ఇనుప తీగ వలతో బిగిస్తున్నారు. వానొస్తే నీళ్ళు ఆగడానికి అటవీ శాఖ ఇట్లాంటివి చాలా కట్టిస్తుంది. ఒకావిడ తలమీది చుట్టకుదురు సరిచేసుకుంటూ సువర్ణను చూసి ఆగింది.

"ఏం కావాలమ్మా?"

"ఈ రాళ్ళు యాడివి అక్కా?"

"ఈడివే." ఆవిడ గట్టు కిందికి చెయ్యి చూపింది. "పెద్ద కుప్ప ఉండె. అన్నీ సున్నం రాళ్ళే, మన్నులో కూరుకోని, ఒకదాని మీద ఒకటి. మోత తప్పింది మాకు, పుణ్యాత్ములెవరో తెచ్చి ఏసినారు. ఏం మారెక్కా, నీకు ఎన్ని పుణ్యాలుండాయే అని నన్ను చూసి మా మేస్త్రీ ఒకటే నవ్వు."

"పని ఎప్పుడు మొదలుపెట్టినారు?"

"మొన్ననే. తండావాళ్ళది ఆఫీసులో తేలిపోయిందంట, ఇంగ కట్టుకోండన్నారంట. అంతదాకా నిలిపి పెట్టిండిరి."

సువర్ణ కట్ట దగ్గరికి వెళ్ళింది. ఏ వైపు చూసినా తీగ సందుల్లోంచి సున్నం మొహాలు. కొన్ని ఇంకా తెల్లగా ఉన్నాయి. కొన్ని బూడిదరంగుకు తిరిగాయి. కొన్నింటి మీద సున్నం రాతిలోకి ఇంకిపోయి, వేలితో తుడిస్తే గాని తెలియడం లేదు. ఒకదాని మీద కుంకుమ ఇంకా ఉంది. కుప్ప లేచిపోయిన చోట పెద్ద గుంట. దాని అంచున మిగిలిన నాలుగు రాళ్ళను ఇద్దరు కూలీలు గునపంతో ఎత్తుతున్నారు.

"వాటిని వదిలేయండన్నా" అంది సువర్ణ.

"వదిలేస్తే కూలి నువ్విస్తావామ్మా?" అన్నాడు ఒకతను, కోపం లేకుండానే. రాయి లేచి వచ్చింది.

ఆమె ఫోను తీసి ఫొటోలు తీసింది. తీస్తూనే అర్థమైంది. కట్టలో పేర్చిన రాళ్ళు కట్ట రాళ్ళే. ఎక్కడివంటే కాంట్రాక్టరు తోలించినవంటారు. వారం కింద ఇవి ఉన్నచోటే ఉన్నాయి. అప్పుడు చూడవలసిన మనిషి గాలిమరను చూస్తూ నిలబడింది.

పైకి ఎక్కి వచ్చేసరికి ఏడు రాళ్ళ దగ్గర చాందీబాయి నిలబడి ఉంది, వంకకు వీపు పెట్టి. అడుగుల చప్పుడు విని కూడా తిరగలేదు.

"ఎవరది? ఏం చేస్తాండారు ఆడ? మొన్నటి నుంచీ గునపాల సప్పుడు. పోయి చూసేదానికి లేదు, చూడకుండా ఉండేదానికీ కాలేదు."

"నేను యాడీ." సువర్ణ తండా భాషలోనే అంది. ఎన్నేళ్ళకో నోట్లోంచి వచ్చిన ఆ మాట గరుకుగా, చిన్నపిల్ల మాటలా వినిపించింది. ముందుకు వచ్చి ముసలామె ఎదుట నిలబడింది. "ఆ పొద్దు నేను చూల్లేదు. చూడకుండానే లేదని చెప్పినా. ఈ పొద్దు చూసినా. ఉండారు."

చాందీబాయి చేతులు గాజులతో సహా కదిలాయి. "ఉండారా? అందరూనా?"

"అందరూ. చానా మంది."

"ఎట్లుండారు?"

అబద్ధం చెప్పడానికి నోరు మళ్ళీ సిద్ధంగానే ఉంది. సువర్ణ దాన్ని ఆపింది. "వంకకు అడ్డంగా కట్ట కడ్తాండారు. వాళ్ళను దాంట్లో పేర్చినారు. తీగ చుట్టినారు."

ముసలామె ఏడు రాళ్ళ వైపు చూసింది. కింద ఎవరో నవ్వారు. రాయి మీద రాయి పడింది.

"రేపు ఆఫీసుకు పోయి నేను చూల్లేదని చెప్తా యాడీ. రాసిస్తా."

"చెప్తే ఏమైతాది?"

"నాకేమైతాదో తెలుసు. గుట్టకేమైతాదో తెలీదు."

"ఎందుకు చూల్లేదు బిడ్డా?"

ఆ అడగడంలో నింద లేదు. అందువల్లే సువర్ణ చెప్పగలిగింది. "మా పాపకు అమ్మ పోసిండె. అప్పుడే నయమైతాండె. భయమైంది."

చాందీబాయి ఆమెను పైనుంచి కిందికి చూసింది. "ఓసి పిచ్చిదానా! పిల్లకు అమ్మ పోసిందని ఒక్కమాట చెప్పింటే నిన్నెందుకు పంపుదును? ఆ సార్‌నే దిగమందును గదా. కుంటుతానన్నా దిగేవోడు." ఆమె ఒకడుగు దగ్గరికి వచ్చింది. "మనవాళ్ళతో చెప్పేదానికి ఏమే నీకు?"

కింద మళ్ళీ గునపం మోగింది. సువర్ణ తల వంక వైపు తిరగబోయింది. అంతలో ముసలామె చెయ్యి వచ్చి ఆమె దవడను పట్టుకుంది. గరుకు వేళ్ళు. సున్నం వాసన. మొహాన్ని తండా వైపుకు తిప్పింది.

"చాల్లే. ఇంట్లో పసిబిడ్డ ఉండాది. తిరిగి చూడాకు. నడువు."

ఇద్దరూ నడిచారు. వెనక గునపం దిగుతూనే ఉంది. సువర్ణకు ఇప్పుడు భయం లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగుతోంది. తండా మొదటి ఇల్లు వచ్చేదాకా ముసలామె ఆ చెయ్యి తీయలేదు.